తెప్ప తగలేసినవాడి మాట

డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాలకని హైదరాబాద్ వెళ్లినప్పుడు, చివరి రోజు తల్లిదండ్రుల కోసం పెట్టిన వీసా సదస్సులో నాకూ ఓ పది నిమిషాలిచ్చారు. శాలువా, జ్ఞాపిక, మైకు అన్నీ అయ్యాయి. "ఎంతమందిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది" అన్నాను. అంతే. నాలుగో వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మీరు ఏరు దాటేశారు, ఇక తెప్ప తగలేస్తున్నారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. శాలువా కప్పినప్పుడు కూడా అన్ని పడలేదు.

రాత్రి చిక్కడపల్లి ఇంట్లో బాపుకి చెప్పాను. కొత్త హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) పిటిషన్‌కి లక్ష డాలర్ల రుసుమన్న 2025 సెప్టెంబరు నుంచి ఆయన రోజూ టీవీ ముందు అమెరికాను తిడుతూనే ఉన్నాడు. ఈ బాపే 1969లో ఉస్మానియా విద్యార్థిగా ముల్కీ నిబంధనలు అమలు చేయాలని రోడ్డెక్కి, లాఠీ దెబ్బ తిని, ఏడాది చదువు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్లు ఇక్కడున్నవాళ్లే స్థానికులు, సర్కారు ఉద్యోగం వాళ్లకే అన్నదే కదా ముల్కీ! "మీరప్పుడు అడిగిందే వాళ్లిప్పుడు అడుగుతున్నారు కదా బాపూ" అన్నాను. ఆయన బీపీ బిళ్ల వేసుకుని, గ్లాసు పక్కన పెట్టి, "మేం ఎవ్వర్నీ పగోళ్లనలేదురా. 1956ల పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నరు. రాసుకున్నది చెయ్యిండ్రి అన్నం" అన్నాడు.

(బాపు చెప్పుకున్నంత నిర్మలంగా ఏమీ జరగలేదు ఆ ఏడు. మా వీధిలో అద్దెకున్న గుంటూరు మాస్టారి కుటుంబం రాత్రికి రాత్రి సామాను సర్దుకుని పోయింది. ఆ సంగతి బాపు ఎత్తడు, అమ్మ ఎత్తుతుంది.)

అయినా ఆయన మాట నాకు లాయర్ల ప్రసంగాలన్నిటికంటే పనికొచ్చింది. హద్దు పెట్టడం తప్పు కాదు. రాసింది ఒకటి, జరిపేది ఇంకొకటి అయితేనే తప్పు. అమెరికా 1990 వలస చట్టం ప్రకారం ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు (శాశ్వత నివాసం), అందులోనే భార్యాపిల్లల లెక్క, ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. హెచ్-1బీలు మాత్రం కోటాలోనే ఏటా 85,000, అందులో ఎక్కువ భాగం మనవాళ్లకే. వాకిలి వెడల్పు, లోపలి గుమ్మం ఇరుకు. మధ్యలో నిలబడి ఉండగానే మన పిల్లలకు 21 నిండి, తల్లిదండ్రుల దరఖాస్తులో చోటు పోతోంది. ఉంచుకోగలిగినంతమందినే రానివ్వండి, ఆ సంఖ్య ఇప్పటికన్నా తక్కువైనా సరే అంటాను నేను. పుట్టిన చోటుని బట్టి కొలవడం మాత్రం ఒప్పుకోను. 1946 నుంచి 1965 దాకా భారతీయులకు ఏడాదికి వందే కోటా ఉండేది. ఆ వాసన ఏడు శాతంలో ఇంకా పోలేదు. లక్ష డాలర్ల రుసుమైతే హద్దే కాదు, జేబు తడిమి చూడటం.

అమెరికా పార్లమెంటు మాజీ సభ్యురాలు బార్బరా జోర్డాన్ అధ్యక్షతన పనిచేసిన వలస సంస్కరణల కమిషన్ 1995లో, పౌరులు అన్నదమ్ముల్ని అక్కచెల్లెళ్లని రప్పించుకునే తోబుట్టువుల కోటా ఎత్తేయాలని సిఫారసు చేసింది. మరుసటి ఏడు అమెరికాలో దిగిన నేను అది చదివి మండిపడ్డాను. అక్కడి పార్లమెంటు కూడా దాన్ని పక్కన పెట్టేసింది. పౌరసత్వం రాగానే, 2008లో అక్కకు పిటిషన్ వేశాను. ఇంకా ఆమె వంతు రాలేదు. అప్పుడు పన్నెండేళ్లున్న మేనల్లుడికి ఇప్పుడు పెళ్లయింది, వాడికిక అవకాశం లేదు. "తమ్మీ, కుదరదని ఆనాడే చెప్తే ఉప్పల్‌ల ప్లాటు అమ్మకుండా ఇల్లు కట్టుకునేటోళ్లం" అంది అక్క మొన్న. జోర్డాన్ మాటే మర్యాదైనదని ఒప్పుకోడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది.

వాళ్ల చట్టం సంగతి సరే, మన సంగతి? ఎవరికి అవకాశమో తేల్చే హెచ్-1బీ లాటరీలో ఒకే మనిషి పేరు నాలుగు కంపెనీల చేత వేయించే అలవాటు ఉండేది గుర్తుందా? మనిషికి ఒక్కటే లెక్క అని 2024లో నిబంధన మార్చగానే, అంతకు ముందు ఏడు 7,58,994 ఉన్న అర్హమైన దరఖాస్తులు 4,70,342కు పడిపోయాయి. ఆ తేడా అంతా మనదే అనను. కానీ ఫేక్ ఎక్స్‌పీరియన్స్, ఒకరి బదులు ఇంకొకరిచ్చే ప్రాక్సీ ఇంటర్వ్యూ, పని దొరికేదాకా కూర్చోబెట్టే బెంచ్ అన్న మాటలు అర్థం చెప్పకుండానే అర్థమయ్యే ఇళ్లు మనవి. అబద్ధపు రెజ్యూమే చేతిలో పెట్టుకుని చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసే పిల్లాడి మీద నాకు జాలే. వాడి చేతిలో దాన్ని పెట్టిన కన్సల్టెన్సీవాడు మన మహాసభల్లో ప్లాటినం స్పాన్సరై ముందు వరుసలో కూర్చుంటున్నాడు. ఆ వరుసలో పక్క కుర్చీ నాది. తిన్న భోజనంలో వాడి డబ్బూ ఉంది.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. వాషింగ్టన్‌కు వినతిపత్రం పట్టుకెళ్లినప్పుడు మన సంఖ్య పెంచమని మాత్రమే అడక్కండి. తక్కువమందినైనా సరే తీసుకోండి, తీసుకున్నవాళ్లకు ఐదేళ్లలో అవునో కాదో చెప్పండి, దొంగ కాగితాలు చేసిన కంపెనీని పట్టుకోండి, లైన్లో ఉన్న పిల్లల వయసు లైన్లోకి వచ్చిన రోజుదే లెక్క వేయండి అని అడగండి. వచ్చే డిసెంబరు సదస్సుకు నన్ను పిలవకపోయినా ఏమీ అనుకోను. స్టేజీ వెనక ఆ కన్సల్టెన్సీ బ్యానర్లు మాత్రం కట్టకండి.