మందు పడలేదంటే నమ్మండి

మా పెదనాన్నకు స్టెంట్ వేసి నాలుగేళ్లయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో నెలలో తొడలు పట్టేయటం మొదలైంది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. "ఆ రాత్రి మాత్ర నాకు పడటం లేదురా" అన్నాడు. అది కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ వర్గం మాత్ర, రోసువాస్టాటిన్. వెళ్లి చూపించుకుంటే డాక్టరుగారు నవ్వి, "డెబ్బై దగ్గర పడుతున్నాయి, నొప్పులు రాకుండా ఎలా ఉంటాయండీ" అన్నారట. కండరాలకు దెబ్బ తగిలిందేమో చూసే రక్తపరీక్ష రాయలేదు, మోతాదు తగ్గించలేదు, వేరే స్టాటిన్‌కు మార్చనూ లేదు. పెదనాన్న ఒక రోజు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాడు. స్టెంట్ ఉన్న మనిషి అలా మానటం ప్రమాదం, అది ఆయన తప్పే. అంతకుముందు జరిగిన తప్పు మాత్రం ఆయనది కాదు.

తెలుగువాళ్లం తరతరాలుగా రెండు మాటలు వాడుతున్నాం. ఒకటి 'మందు పడటం', రెండోది 'హస్తవాసి'. ఒకే మాత్ర ఒకరికి అమృతం, పక్కింటాయనకు విషం అయితే డాక్టరు చేతి చలవను మెచ్చుకుంటాం, లేదా తిట్టుకుంటాం. ఆ చలవలో పెద్ద వాటా రోగి జన్యువులదేనని సైన్సు ఇప్పుడు చెబుతోంది. మన వైద్యం ఇంకా వినటం లేదని నా ఫిర్యాదు.

మాత్ర మింగితే అది చేరాల్సిన చోటికి దానంతటదే పోతుందనుకుంటాం. చాలా మందుల విషయంలో అలా జరగదు. కణాల గోడల మీద ట్రాన్స్‌పోర్టర్లనే ప్రోటీన్లు కాపలా కాస్తుంటాయి. కొన్ని మందును లోపలికి లాగుతాయి, కొన్ని మెడపట్టి బయటికి గెంటుతాయి. విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ మార్ఫిన్ వర్గానికి చెందినదే. అయినా మామూలు మోతాదులో మత్తెక్కదు. మెదడు గుమ్మంలో పీ-గ్లైకోప్రోటీన్ అనే కాపలాదారు దాన్ని వెనక్కి తోసేస్తుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ కాపలాదారు జన్యువే చెడిపోయి ఉంటుంది. అందుకే మిగతా కుక్కలు తట్టుకునే మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇచ్చినా అవి కోమాలోకి జారిపోతాయి. ఆ జన్యువు సంగతి 2001లో తేలింది. కుక్క కోలీ అనగానే పశువైద్యుడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆ పాటి జాగ్రత్త మా పెదనాన్నకు దక్కలేదు.

స్టాటిన్ పనిచేయాల్సింది కాలేయంలో. కాలేయ కణంలోకి దాన్ని లాక్కెళ్లే ద్వారం పేరు ఓఏటీపీ1బీ1. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆ తలుపు సరిగా తెరుచుకోదు. బయట మిగిలిపోయిన మందు రక్తంలో తిరుగుతూ కండరాల మీద పడుతుంది. బ్రిటన్‌లో సిమ్వాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌ను 80 మిల్లీగ్రాములు వాడినవారిని పరిశీలించిన 'సెర్చ్' బృందం 2008లో ఈ గుట్టు విప్పింది. మారిన అక్షరం తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి నుంచే వస్తే కండరాల జబ్బు ముప్పు నాలుగున్నర రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు 17 రెట్లు. ఆ జబ్బు పడ్డ కేసుల్లో 60 శాతానికి పైగా ఈ ఒక్క అక్షరం ఖాతాలోకే వెళ్లాయి.

ఇక రోసువాస్టాటిన్. ఆసియావాసుల రక్తంలో ఈ మందు తెల్లవారి కన్నా సుమారు రెండు రెట్లు పేరుకుంటుందని, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా లేబుల్ 2005 నుంచీ చెబుతోంది. ఏబీసీజీ2 అనే మరో కాపలాదారులోని తేడా దీనికి ఒక కారణం. అమెరికాలోని తెలుగు ఇంజనీరుకు అక్కడి డాక్టరు ఆ లేబుల్ చూసి మందు రాస్తాడు. ఇక్కడున్న ఆయన తండ్రికి ఏ లేబుల్ చూసి రాస్తున్నారు? గుండెపోటు వచ్చినవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు, కాదనను. అవసరమని లెక్కగట్టి రాయటం వేరు, అలవాటుగా రాయటం వేరు.

అలాగని పాశ్చాత్యుల జాగ్రత్తల జాబితా తెచ్చి మన గోడకు అంటించుకుంటే సరిపోదు. పైన చెప్పిన స్టాటిన్ తలుపు తేడా యూరప్‌లో కన్నా మన దగ్గర తక్కువ. మనల్ని కాటేసేవి వేరే ఉన్నాయి. పేగుపూతకు వాడే అజాథయోప్రిన్ సంగతే చూడండి. ఇది కొందరిలో తెల్లకణాలను ఊడ్చేస్తుంది, జుట్టు కుచ్చులుగా రాలిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో దీనికి ముందు టీపీఎంటీ అనే జన్యువు పరీక్ష చేస్తారు. ఆసియాలో అసలు దోషి ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులోని తేడా అని 2014లో కొరియా పరిశోధకులు పట్టుకున్నారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు 1,014 మంది రోగులను పరిశీలించి, మన దగ్గర కూడా టీపీఎంటీ కన్నా ఇదే ముఖ్యమని 2020లో ప్రచురించారు. అరువు తెచ్చుకున్న పరీక్ష చేసి 'అంతా నార్మల్' అని రిపోర్టు ఇస్తే రోగికి ఒరిగేదేముంది?

ఇదంతా అతి అనేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో ఆధారాలూ ఉన్నాయి. 2020 నాటి శాంసన్ ప్రయోగంలో స్టాటిన్ బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడూ కనిపించాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మోతాదును జన్యువులు చూసి నిర్ణయించిన కోగ్ ప్రయోగం 2013లో ఏ లాభమూ చూపలేదు. సరే. అయితే నొప్పుల్లో చాలావరకు భయం వల్ల వచ్చేవే అయితే, నిజమైనవాటిని వేరుచేసే సాధనం ఇంకా ఎక్కువ అవసరం కాదా? ఇక ఆ కోగ్ ప్రయోగంలోనే నల్లజాతి రోగులకు జన్యు పద్ధతిలో ఫలితం మరింత చెడింది. లెక్కలో వాడిన జన్యు తేడాలు ప్రధానంగా యూరప్‌వాళ్లలో గుర్తించినవి. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం నేను వెతుక్కోనక్కర్లేదు.

అసలు నన్ను ఈ విషయంలోకి లాగింది వేరే కథ. ఆపరేషన్‌కు ముందు ఊపిరితిత్తులకు గొట్టం వేయటానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. కండరాలన్నీ సడలిపోతాయి, నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైమ్ ఆ మందును కోసి పారేస్తుంది, ఊపిరి తిరిగొస్తుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఈ ఎంజైమ్ దాదాపు ఉండదు. నిమిషాల్లో రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు. అంతసేపూ వెంటిలేటరే దిక్కు. దీనికి కారణమైన జన్యు మార్పును 2006లో గుర్తించారు. జన్యు శాస్త్రవేత్తలు సీసీఎంబీ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి ఇంకో మాట చెప్పాయి. ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ముద్ర 81 సమూహాల్లో, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా బలంగా ఉందట.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వైశ్యుల సంగతి ఎందుకు బయటపడింది? ఆ మందు డాక్టరు కళ్లెదుట, ఆపరేషన్ బల్ల మీద వికటించింది కాబట్టి. మత్తు డాక్టరు పరుగులు పెట్టాడు కాబట్టి. మరి ఏదో ఒక కులంలో, ఏదో ఒక తండాలో కాలేయపు తలుపు బిగుసుకుపోయి ఉంటే? ఆ మనిషి ఇంట్లో కూర్చుని తొడలు నొక్కుకుంటాడు. లేదా స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన క్లోపిడోగ్రెల్‌ను అతని కాలేయం మందుగా మార్చలేక, స్టెంట్ మూసుకుపోయి నిద్రలోనే పోతాడు. 'మళ్లీ ఎటాక్ వచ్చింది' అంటారు. ఎవరి లెక్కలోకీ రాడు. మిగిలిన ఎనభై సమూహాల్లో ఏ మందు ఎవరికి పడదో తెలుసుకోవటానికి మనకు వెంటిలేటర్ అలారం మోగదు.

మన చేతిలో ఉన్న జన్యు పరీక్ష కులం పేరు అడగటమే. ఇంటిపేరు చూసి మత్తుమందు మార్చటం ఒక ప్రాణం కాపాడొచ్చు, కానీ అది మొరటు పరీక్ష. ప్రతి వైశ్యుడిలో ఆ లోపం ఉండదు, మిగతావాళ్లలో ఉండదనీ లేదు. రెండు వేల ఏళ్లు మనం పెళ్లిళ్లకు గోడలు కట్టుకుంటే ఆ గోడలు రక్తంలో అచ్చయ్యాయి. ఓట్ల కోసం కులాన్ని వీధివీధినా లెక్కపెట్టే ప్రభుత్వాలకు, ఆ కులం ఒంట్లో ఏ మందును ఆపుతోందో లెక్కపెట్టాలన్న ఆలోచనే రాదు.

చేతకాక కాదు. ఐసోనియాజిడ్ అనే క్షయ మందును జన్యువుల వల్ల త్వరగా కరిగించుకునే రోగులకు వారానికోసారి ఇచ్చే మందు సరిగా పనిచేయదని మద్రాసు క్షయ కేంద్రం 1960ల్లోనే తేల్చింది. భారతీయుల జన్యువులను చదివే జీనోమ్‌ఇండియా పథకం కింద చదివిన 10 వేల మంది జన్యు సమాచారం 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉంది. యూరప్‌లోని ఏడు దేశాల్లో 12 జన్యువులు చూసి మందు రాస్తే దుష్ప్రభావాలు 30 శాతం తగ్గాయని 2023లో తేలింది. పక్షవాతం వచ్చినవారికి క్లోపిడోగ్రెల్ ఇచ్చే ముందు జన్యు పరీక్ష చేయమని బ్రిటన్ 2024లో సిఫారసు చేసింది. మనం ఆరోగ్యశ్రీలో స్టెంట్‌కు డబ్బు కడుతున్నాం, ఆ స్టెంట్‌ను కాపాడే మాత్ర ఒంటికి పడుతుందో లేదో చూసే పరీక్షకూ కట్టాలి. అజాథయోప్రిన్‌కు ముందు ఎన్‌యూడీటీ15 తప్పనిసరి చేయాలి. జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు, జన్యువులు మారవు. దేశానికి బల్క్ డ్రగ్ రాజధానినని చెప్పుకునే హైదరాబాద్ ఈ పని మొదలుపెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

మొన్న పెదనాన్నను వేరే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆయన ఫైలు అట్ట మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకున్నాడు: "రాత్రి మాత్ర పడదు." కౌంటర్లో అమ్మాయి ఆ ఫైలు తిప్పి, లోపలి కాగితాలు చూసి, కంప్యూటర్లో పడని మందులనే గడిలో 'లేవు' అని కొట్టింది.