మహారాజశ్రీ లోడ్ ఫ్లో రిపోర్టులోని ఒకే ఒక్క అంకె గారికి

ఉభయకుశలోపరి. ఇక్కడ గ్రిడ్ 50 హెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూగా క్షేమం. తమరు ఎప్పటిలాగే రెండు దశాంశాలతో సహా నిక్కచ్చిగా ఉన్నారని తలుస్తాను.

ఏ లైన్లో ఎంత కరెంటు పారుతుందో లెక్కగట్టే లోడ్ ఫ్లో రిపోర్టు ఏది తెరిచినా తమరి దర్శనమే. "ఈ లైన్లో 412.37 మెగావాట్లు." 412 సంగతి సరే, ఆ 37 ఎవరిచ్చారండీ? లోడ్, అంటే జనం వాడే కరెంటు, ఎంతుంటుందో మేం ఊహించి పెట్టాం. గాలి ఎంత వీస్తుందో పక్క సెక్షన్ వాళ్లు ఊహించారు. ఆ రెండు ఊహల్నీ అంచెలంచెలుగా జవాబుకి దగ్గరయ్యే న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో నాలుగైదు సార్లు తిప్పేసరికి తమరు పుట్టారు. లెక్కలో తప్పేం లేదు, లోపలికి వెళ్లిన సరుకే ఊహ. ఉగాది పంచాంగంలో ఆదాయం 5, వ్యయం 11 అని రాసే సిద్ధాంతి గారు కూడా దశాంశాల జోలికి పోరు.

బొగ్గు కేంద్రాలు చెప్పినంత ఇచ్చే రోజుల్లో తమరి హవా నడిచింది. ఇప్పుడు కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. అనంతపురం గుట్టల నిండా గాలిమరలు. మబ్బు తమరి రిపోర్టు చదివి రాదు కదా!

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టిన రోజు. దేశమంతా కలిపి లోడ్ 12 వేల నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేశారు. తగ్గింది 31 వేల పైనే. తమరొక్కరే కాదు, తోడు తెచ్చుకున్న రేంజి కూడా బోల్తా పడింది. 50 దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.7 నుంచి 50.26 హెర్ట్జ్ దాకా ఊగింది. జలవిద్యుత్ కేంద్రాలను ముందే సిద్ధంగా ఉంచి, చకచకా దించి, మళ్లీ ఎక్కించారు కాబట్టి గట్టెక్కాం.

తమరికి పోటీ కొత్తదేం కాదు. లోడ్‌ని ఒక అంకెగా కాక సంభావ్యతగా తీసుకుని లైన్లలో ప్రవాహం లెక్కగట్టాలని బార్బరా బోర్కోవ్‌స్కా 1974లోనే రాశారు. ఆ తర్వాత జూదశాల పేరు పెట్టుకున్న మాంటే కార్లో పద్ధతి వారొచ్చి గాలినీ ఎండనీ లోడ్‌నీ వేల రకాలుగా మార్చి మార్చి లెక్క తిప్పుతున్నారు. ఆయనా దేవుడేం కాదు లెండి. ఏ లోడ్ దారి దానిదే, దేనికీ దేనితో సంబంధం లేదనుకుని మొదలుపెడితే ఆయనా మునుగుతాడు. మబ్బు పడితే పార్కులో సగం ప్యానెళ్లు ఒక్కసారే డల్ అవుతాయి. ఆ ఏప్రిల్ 5 రాత్రి స్విచ్చులన్నీ కూడబలుక్కునే ఆగాయి.

అయినా తమరి ఉద్యోగానికేం ఢోకా లేదు. మొన్న ఎంతో ముచ్చటపడి గ్రాఫులన్నీ వేసి, "ఏడాదిలో ఏ గంట తీసుకున్నా ఈ లైన్ ఓవర్‌లోడ్ అయ్యే అవకాశం 4 శాతం సార్" అన్నాను.

"అంటే అవ్వదన్నమాట" అన్నారు పెద్దసారు.

"ఏడాదికి 350 గంటలు సార్."

"అవన్నీ ఎందుకయ్యా, సగటు ఎంతో ఒక్క ముక్కలో చెప్పు."

చెప్పాను. తమరే మళ్లీ మొదటి పేజీ ఎక్కారు. ఈసారి మూడు దశాంశాలతో.

ఇట్లు,
తమరి కింద సంతకం పెట్టే ఇంజనీరు