ఊళ్లో తిరిగే మనిషికి మాట ఇచ్చే అధికారం ఉందా?

గోదావరి డెల్టాలో కన్సల్టింగ్ సంస్థలు అడుగుపెట్టని రంగం ఇప్పుడు తక్కువ. పొలాల నీరు బయటికి పోయే మురుగు కాలువల (డ్రెయిన్ల) పనులకు సామాజిక అధ్యయనం, మడ అడవుల పునరుద్ధరణ, రొయ్యల చెరువులకు ఎగుమతి సర్టిఫికేషన్, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో మంచినీటి ప్లాంట్లు... ప్రతి ప్రతిపాదనలోనూ ‘ప్రజల భాగస్వామ్యం’ అని ఒక అధ్యాయం ఉంటుంది. దాని కింద హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి సంస్థను నడిపే పార్ట్‌నర్ల అర్హతలు పేజీలకు పేజీలు రాసి ఉంటాయి. ఊరు చూసేది మాత్రం బైక్ మీద వచ్చే పాతికేళ్ల ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. డ్రెయిను ఎప్పుడు తవ్వుతారు, ప్లాంటు ఎవరు నడుపుతారు, మా పేటకు పైపు వస్తుందా అని నిలదీసేదీ ఆ కుర్రాణ్నో ఆ అమ్మాయినో. వాళ్ల దగ్గర ఉండే జవాబు ఒకటే: ‘పైవాళ్లకు చెబుతామండి.’ ఆ మాట మూడోసారి విన్నాక జనం మీటింగులకు రావడం మానేస్తారు. ఇక్కడ ఇలాంటి పనులు చెడిపోవడానికి అసలు కారణం సిబ్బందికి చదువో శిక్షణో చాలకపోవడం కాదు. సంతకం చేసేవాళ్లకూ ఊళ్లో నిలబడేవాళ్లకూ మధ్య అధికారం సరిగ్గా పంచుకోకపోవడమే. దాన్ని సరిచేయగలిగేది నాయకత్వం ఒక్కటే.

ముందు ఊరంటే ఎవరో తేలాలి. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఉన్నాయి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. సంఘం అధ్యక్షుణ్ని, సర్పంచిని కలిస్తే రైతులందరినీ కలిసినట్టేనని కొత్త బృందం అనుకుంటుంది. ఆ సంఘంలో ఓటు ఉండేది రికార్డుల్లో పేరున్న భూమిదారుకు, రికార్డుకెక్కిన కౌలుదారుకు. డెల్టాలో పొలంలో దిగే మనిషి చాలాచోట్ల నోటిమాట కౌలు రైతు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి పదకొండు నెలల కార్డు ఇవ్వొచ్చు గానీ యజమాని సంతకం పెడితేనే అది చేతికొస్తుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని, ఎక్కడ హక్కు అడుగుతాడోనని వెనకాడతాడు. అంటే డ్రెయిను పూడిపోతే పంట మునిగి అప్పులపాలయ్యే మనిషి పేరు బృందం చేతిలో ఉన్న ఏ జాబితాలోనూ ఉండదు. అతను దొరకాలంటే రైతు సేవా కేంద్రంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదు చూడాలి, ఎరువుల కొట్లో అడగాలి, సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులప్పుడు గట్ల మీద తిరగాలి. ఇది రెండు రోజుల పని కాదు. ప్రతిపాదనలో దీనికంటూ రోజులు కేటాయించని సంస్థ, ఆ కౌలు రైతును కలవకుండానే రిపోర్టు రాస్తుంది.

పల్లెను పల్లెగా విడదీసి చూడటం కూడా ఇక్కడ పనికిరాదు. డెల్టాలో తగువులు డ్రెయిను వెంట పోతాయి. ఎగువన రొయ్యల రైతు పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు డ్రెయిన్లోకి వదులుతాడు. దిగువన శివారు రైతు, కాలువ నీళ్లు అందక, అదే డ్రెయిన్లో ఇంజను పెట్టి తోడుకుంటాడు. ఇద్దరివీ వేరే మండలాలు కావచ్చు. ఊరికో మీటింగు పెట్టి ఎవరి గోడు వాళ్లచేత చెప్పిస్తే రెండు రిపోర్టులు వస్తాయి తప్ప తగువు తీరదు. పని మొదలుపెట్టాల్సింది డ్రెయిను తల దగ్గర నుంచి, అది సముద్రంలో కలిసే మొగ దాకా నడిచి. ఎక్కడ గుర్రపుడెక్క పట్టేసింది, ఏ తూము కుంగింది, ఎవరి చెరువు గట్టు డ్రెయిన్లోకి జరిగింది, మొగ దగ్గర ఇసుక మేట వేసిందా, పోటు నీళ్లు ఎంత దూరం ఎదురెక్కుతున్నాయి అన్నవి కాగితం మీద గీయాలి. ఆ పటం పట్టుకుని ఎగువ, దిగువ ఊళ్లవాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. ఆ కూటమికి పార్ట్‌నర్ స్వయంగా రావాలి. ఎందుకంటే అక్కడ తేలేది ఇంజనీరింగు డిజైను మారుతుందా లేదా అన్నది. అది కోఆర్డినేటర్ చేతిలో ఉండదు.

ఎక్కడ కూర్చోవాలన్నదీ చిన్న విషయం కాదు. రామాలయం అరుగు మీద పెడితే దళితపేట నుంచి ఎవరూ రారు, వచ్చినా దూరంగా నిలబడతారు. పేటలోనే పెడితే పెద్ద రైతులు రారు. ముందు ఎవరి పేటలో వాళ్లతో, ఆ తర్వాత అందరితో కలిపి బళ్లో పెట్టడం మేలు. ఆడవాళ్లకు కొత్త మీటింగు పిలవడం కంటే డ్వాక్రా గ్రామ సమాఖ్య నెలవారీ సమావేశం రోజున, వాళ్ల లెక్కలు అయ్యాక, ఒక అరగంట అడగడం మర్యాద. మత్స్యకార పల్లెల్లో పంచాయతీ వార్డు మెంబరు కన్నా కుల పెద్దల మాట చెల్లుతుంది. వాళ్లతో మాట్లాడకుండా మొదలుపెట్టిన పని రెండో వారంలోనే ఆగిపోతుంది.

ఇక కాలం. కంపెనీల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఒప్పందాలు పూర్తయి బృందం ఊళ్లోకి వచ్చేసరికి జూన్ దాటుతుంది. అప్పటికి కాలువలకు నీళ్లు వదిలి నారుమళ్లు పోస్తుంటారు, ఎవరికీ ఊపిరి సలపదు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాలకు వరద భయం. కాజ్‌వేలు మునిగితే పడవ తప్ప దారి ఉండదు. అక్టోబరు, నవంబరు తుపాన్లు, ఆ వెంటనే కోతలు, తర్వాత దాళ్వా (రెండో వరి పంట). డ్రెయిన్లూ కాలువలూ కంటికి కనబడేది దాళ్వా అయ్యాక కాలువలు కట్టేసిన వేసవిలోనే. తూర్పు తీరంలో వేట నిషేధం కూడా అప్పుడే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు దొరుకుతారు. అంటే క్షేత్రపు పనికి బంగారం లాంటి ఆ రెండు నెలలూ ఆఫీసులో బిల్లులూ ఆడిట్లూ నడిచే నెలలు. మార్చి 31 లోగా ఖర్చు చూపించాలన్న తొందరలో, కోతకొచ్చే దాళ్వా చేను పక్కన ప్రారంభోత్సవాలు జరుగుతుంటాయి.

ఈ తొందర చట్టం పెట్టింది కాదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, కంపెనీ బోర్డు ఒక పనిని ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’గా తీర్మానిస్తే, మిగిలిన సొమ్మును ఏడాది ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, ఆ తర్వాత మూడేళ్లలోగా ఖర్చు చేయొచ్చు. క్లయింటు బోర్డుచేత ఈ తీర్మానం చేయించడం పార్ట్‌నర్ పని. అలాగే పాలనా ఖర్చుకు 5 శాతం పరిమితి ఉందని చెప్పి క్లయింట్లు ఫీల్డ్ సిబ్బంది జీతాలు కోస్తుంటారు. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడపడానికి పెట్టే సాధారణ ఖర్చుకే. ఒక ప్రాజెక్టు రూపకల్పనకూ అమలుకూ పర్యవేక్షణకూ నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఆ నిబంధన చూపించి వాదించాల్సిన నాయకత్వం తలూపి వచ్చేస్తే, కోత పడేది ఊళ్లో తిరిగేవాళ్ల మీద.

సిబ్బంది లెక్క గురించి నిక్కచ్చిగా చెప్పాలి. ఇద్దరు మనుషులకు, అందులో ఒకరు తప్పకుండా మహిళ, ఐదారు ఊళ్లు మించకూడదు. జిల్లావాళ్లయితే మంచిది, అదే ఊరివాళ్లు మాత్రం వద్దు. బంధుత్వాలూ పాత తగువులూ వాళ్ల మెడకు చుట్టుకుంటాయి. సర్వే చేసేవాళ్లకు ఫారానికింత అని ఇవ్వకూడదు. గంట పట్టే ప్రశ్నావళిని రోజుకు పది ఇళ్లలో నిజాయతీగా నింపడం ఎవరివల్లా కాదు. ఫారం లెక్కన డబ్బిస్తే సగం ఫారాలు టీ కొట్టు బల్ల మీదే నిండుతాయి, అందుకు ఆ కుర్రాళ్లను తిట్టి లాభం లేదు. రోజు కూలి ఇవ్వండి, రోజుకు నాలుగైదు ఇళ్లు చాలు.

అధికారం పంచడమంటే రెండు ఏర్పాట్లు చేయడం. మొదటిది చేతి ఖర్చు. కోఆర్డినేటర్ ముందస్తు అనుమతి లేకుండా నెలకు పదివేల రూపాయల దాకా ఖర్చుపెట్టగలగాలి. పడవ డీజిలు, షామియానా, మైకు, పటం గీయడానికి రెండు రోజులు తోడొచ్చిన మనిషి కూలి, ఇవన్నీ అప్పటికప్పుడు ఇవ్వాల్సినవి. మీటింగుకు వచ్చినందుకు మాత్రం ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు. కూలికి వెళ్లేవాళ్లు రాత్రి ఏడు తర్వాతే ఇళ్ల దగ్గరుంటారు, మీటింగే ఆ వేళకు జరగాలి.

రెండోది మాటల రిజిస్టరు. మామూలు లాంగ్ నోట్‌బుక్కు చాలు. ఏ తేదీన, ఎవరు ఏమడిగారు, మనవాళ్లు ఏమన్నారు, ఎప్పటిలోగా, ఆఫీసులో ఎవరు జవాబు చెప్పాలి. పదిహేను రోజుల్లో జవాబు వెళ్లాలి, ‘కుదరదు’ అన్నది కూడా జవాబే. నెలకోసారి జరిగే పార్ట్‌నర్ల సమావేశంలో బడ్జెట్టు కంటే ముందు ఈ పుస్తకం చదవాలి. ‘కుదరదు’ అని చెప్పాల్సిన రోజున కోఆర్డినేటర్‌ని ఒంటరిగా పంపకూడదు, పెద్ద హోదాలో ఉన్నవాళ్లు వెళ్లాలి. శుభవార్తలకు పార్ట్‌నర్, చేదువార్తలకు చిన్న ఉద్యోగి అన్న అలవాటు పడిందంటే ఆ సంస్థను ఊరు ఇక నమ్మదు.

ఈ పుస్తకం ఎందుకింత ముఖ్యమో కోనసీమ చరిత్ర చెబుతుంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) మంటలు 65 రోజులు మండాయి. 2014 జూన్ 27న ‘నగరం’ అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. లీకుల సంగతి ముందే చెప్పామని గ్రామస్థులు అప్పుడు వాపోయారు. 2011లో మురుగు ముంపు, గిట్టని ధరలు భరించలేక కోనసీమ రైతులు సార్వాకు క్రాప్ హాలిడే (పంట విరామం) ప్రకటించారు, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అందుకే మంచినీళ్ల గురించి మాట్లాడటానికి వెళ్లినా మొదటి ప్రశ్న పైపుల మీదో డ్రెయిన్ల మీదో రావచ్చు. అది మా ప్రాజెక్టు కాదండి అని తప్పుకోకుండా, రాసుకుని, సంబంధిత శాఖకు లేఖ పంపి దాని నకలు ఊరికివ్వడం తక్కువలో తక్కువ చేయాల్సింది.

హాజరు పట్టీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మీటింగులో పెట్టించుకున్న సంతకాలు తర్వాత ‘ప్రజల ఆమోదం’ పేరుతో ఇంకో ఫైల్లో తేలిన అనుమానం ఏ ఊళ్లో పుట్టినా, ఆ చుట్టుపక్కల ఎవరూ కాగితం ముట్టరు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణకు వేరే పద్ధతి ఉంది, 30 రోజుల నోటీసు ఉంది, జిల్లా యంత్రాంగం అధ్యక్షత ఉంది. కన్సల్టెంటు మీటింగు దానికి బదులు కాదు. ప్రతి పట్టీ పైనా తెలుగులో పెద్దక్షరాలతో ‘ఇది హాజరు మాత్రమే, అంగీకారం కాదు’ అని అచ్చువేయించి, ఒక ఫొటోకాపీ పంచాయతీలో ఇవ్వాలి.

మంచినీటి ప్లాంటునే తీసుకుంటే లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. తీర మండలాల్లో బోరు నీళ్లు ఉప్పన, తాగునీరు కాలువ నుంచి నింపుకునే చెరువులదే. కంపెనీ షెడ్డు, ఆర్వో యంత్రం ఇస్తుంది. ఉదాహరణకు రోజుకు వంద టిన్నులు, టిన్ను ఐదు రూపాయలు అనుకుంటే నెలకు 15,000. నడిపే మనిషికి 8,000, కరెంటుకు 4,000 పోతే మిగిలేది మూడు వేలు. ఫిల్టర్లూ, ఉప్పును వడగట్టే పొర అయిన మెంబ్రేనూ మార్చడానికి ఉన్నది అదే. ఉప్పు ఎక్కువున్న బోరుకు బిగిస్తే మెంబ్రేను తొందరగా పాడవుతుంది. ఎన్నికల ముందు ఎవరో ఉచితంగా ఇప్పిస్తే ఆ మూడు వేలూ పోతాయి, ప్లాంటుకు తాళం పడుతుంది. అందుకని ధరా, సొమ్ము ఎవరి ఖాతాలో ఉండాలన్నదీ గ్రామసభ తీర్మానంలో ఉండాలి. సర్పంచి ఒక్కరితో చేసుకున్న ఒప్పందం సర్పంచితోనే పోతుంది. ఖాతా గ్రామ సమాఖ్య పేరు మీద, ఇద్దరి సంతకాలతో ఉంటే ఆ సొమ్ము వేరే పనికి మళ్లడం కష్టం.

కోరింగ మడ అడవుల్లో స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ గ్రామ కమిటీలతో కలిసి చేసిన పునరుద్ధరణలోనూ ఇలాంటి పాఠమే ఉంది. పోటు నీళ్లు అందక ఉప్పు పేరుకున్న చోట చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటారు. అలాంటి కాలువలు ఒండ్రుతో పూడిపోతాయి కాబట్టి మళ్లీమళ్లీ తీయాలి. నాటే ఏడాదికే డబ్బు రాసుకున్న ఒప్పందంలో ఆ పూడికతీత ఉండదు. దశలవారీ (మైల్‌స్టోన్) చెల్లింపులన్నీ రిపోర్టులకు ముడిపెట్టే బదులు, కనీసం ఐదో వంతు మొత్తాన్ని నిర్వహణ ఏడాది పూర్తయ్యాక ఇచ్చేలా, ఇంకో భాగాన్ని అధ్యయన ఫలితాలు తెలుగులో రాసి పేట పేటలో చదివి వినిపించాక ఇచ్చేలా సంస్థలే అడగాలి. అడిగితే టెండరు పోతుందన్న భయం నిజమే. ఫలితం లేని పనులు చేసి పేరు పోగొట్టుకున్న సంస్థకు ఈ జిల్లాల్లో రెండో పని దొరకడం అంతకంటే కష్టం.

చివరి ఆరు నెలలకు వేరే ప్రణాళిక కావాలి. లెక్కల పుస్తకం, విడిభాగాల పట్టిక, భీమవరంలోనో అమలాపురంలోనో ఉన్న మెకానిక్ నంబరు సమాఖ్యకు అప్పగించాలి. కోఆర్డినేటర్ మారితే పాత మనిషీ కొత్త మనిషీ నెల రోజులు కలిసి తిరగాలి. ఊరికిచ్చే ఫోన్ నంబరు ఉద్యోగి సొంతది కాకుండా సంస్థ సిమ్ మీదిదై ఉండాలి. ప్రాజెక్టు ముగిశాక కనీసం ఏడాది పాటు ఆ నంబరు పనిచేయాలి, అవతల ఫోన్ ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి జీతం మొదటి రోజు బడ్జెట్లోనే రాసి ఉండాలి.