చుక్కలు చూపించిన గీత

ఒడిశాలోని జయపురంలో ఇన్నేళ్లుగా ఉంటూ దేవమాలి కొండను కారులో ఎక్కడమే తప్ప కాలినడకన ఒక్క కొండా దాటని వాడినని మా బావమరిది నలుగురిలో ఎద్దేవా చేశాడు. ఒళ్లు మండి, మొన్న ఆదివారం తెల్లవారకముందే పొట్టంగిలో బస్సు దిగాను. ఒక్కణ్నే. వీపున సంచి, చేతిలో కర్ర, నెత్తిన వెడల్పాటి టోపీ, ఆపదలో ఊదడానికి మెడలో ఒక ఈల. రోజంతా కొండల మీదుగా నడిచి సాయంత్రానికి సుంకి దగ్గర ఘాటు రోడ్డు మీద తేలాలి. బావమరిది ముందురోజే నా ఫోనులో పటం తెరిచి, చుక్కల గీత ఒకటి చూపించి, "కాలిబాట ఇదే బావా, దీన్ని మాత్రం వదలకు" అన్నాడు.

వదల్లేదు.

ఆ బాట స్వభావమే వేరు. పక్కనే వాగు వెంట చక్కటి దారి కనిపిస్తున్నా అటు తిరిగి చూడదు. ఎక్కడ మిట్ట కనిపిస్తే అక్కడికి నిటారుగా ఎక్కుతుంది, అటు దిగి ఇంకో మిట్టను వెతుక్కుంటుంది. ఏ గొడ్లకాపరి వేశాడో గానీ వాడి గొడ్లకు రెక్కలుండి ఉండాలనుకున్నాను. ప్రతి కనుమ దగ్గరా ఆగి, ఫోనులో ఎత్తు చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఊపిరి తీసుకోవడానికి అంతకంటే మర్యాదైన సాకు దొరకలేదు. వలిసె చేలు, అల్లం మళ్లు, ఆ పచ్చదనం అంతా అందంగానే ఉండి ఉంటుంది. నేను నా బూట్లనే చూసుకుంటూ నడిచాను.

మధ్యాహ్నం దాటాక ఒక చిన్న ఊళ్లోకి జారుకుంటూ దిగాను. అప్పటికే చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ సిద్ధంగా ఉంది. దానికి మూడున్నర కాళ్లు. ఆ అర కాలు కింద రాయి పెట్టి, రాయి కదలకుండా ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టారు. చుట్టూ ఊరంతా ఉంది.

"కూర్చోండి బాబూ," అన్నాడు ఒక పెద్దాయన. "పొద్దుటి నుంచి చూస్తున్నాం. సరిగ్గా హద్దు మీదే నడిచి వచ్చారు. ఇంతకుముందు వచ్చినవాళ్లు జీపు కూడా దిగలేదు."

హద్దా? ఫోను తీసి పటం పెద్దది చేశాను. గీతకు ఒక పక్క ఆంధ్రప్రదేశ్ అని, మరో పక్క ఒడిశా అని, కళ్లద్దాలు పెట్టుకున్నా ఆనని అక్షరాలు. పటం గీసిన మహానుభావుడు కాలిబాటకూ చుక్కలే పెట్టాడు, రాష్ట్రాల సరిహద్దుకూ చుక్కలే పెట్టాడు. చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీలో తేడా ఉంటుందట. కంట్లోకి చెమట కారుతూ కొండ అంచున వేలాడే మనిషి ఆ ఖాళీలు కొలుచుకోవాలి కాబోలు! పైగా అది తేలని హద్దు. ఈ కొఠియా ప్రాంతంలోని 21 గ్రామాల కోసం రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అంత పెద్ద కోర్టుకు చిక్కని గీతను మా బావమరిది సోఫాలో కూర్చుని చిటికెన వేలితో చూపించాడు.

"నేను సర్వేకు రాలేదండీ. సరదాగా కొండలెక్కుదామని వచ్చాను."

ఊరు ఊరంతా నవ్వింది. "సరదాకు ఆ కొండ ఎవరెక్కుతారు బాబూ? మా మేకలే చుట్టూ తిరిగి వస్తాయి," అంది ఒక ముసలమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

చోడి అంబలి ఇచ్చారు. రెండు చెంబులు తాగాను, దాంతో ఇంక కాదనే హక్కు కూడా పోయింది. పెద్దాయన పాలిథిన్ సంచి విప్పి రెండు రాష్ట్రాల రేషను కార్డులూ, రెండు ఓటరు కార్డులూ ఒడిలో వరసగా పేర్చి, "మా ఇల్లు ఎటు పడిందో చెప్పండి" అన్నాడు. పటం చూశాను. గీత ఆయన మేకల దొడ్డిని రెండుగా చీల్చుకుంటూ పోతోంది. ఆ మాట చెప్పే ధైర్యం లేక "కొలవాలి" అన్నాను. అందరూ తృప్తిగా తలలూపారు. అధికారులు ఇలాగే మాట్లాడతారు కదా!

తర్వాత అర్జీ. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. గొట్టం ఊరి దాకా వచ్చిందట, నీళ్లే ఇంకా రాలేదట. అందినట్టు సంతకం చేయమన్నారు, చేశాను. ముద్ర లేదని చెబితే, రాయి పట్టుకున్న కుర్రాడు నా మెడలోని ఈలకేసి అనుమానంగా చూశాడు. సంతకం కింద ఫోను నంబరు కూడా రాయించుకున్నాకే దారి వదిలారు. ఆ దారి, వాగు పక్కదే, గంటలో సుంకి చేర్చింది.

ఇవాళ పొద్దున బావమరిది మా ఇంట్లో టిఫిను తింటుండగా ఫోను మోగింది. పెద్దాయన.

"బాబూ, కుళాయి సంగతి ఎంతవరకు వచ్చింది?"

"పై ఆఫీసుకు పంపించాను. ఇదిగో, పెద్ద సారు ఇక్కడే ఉన్నారు, మాట్లాడండి," అని ఫోను బావమరిది చేతిలో పెట్టి, చట్నీ తేవడానికి లోపలికి వెళ్లాను.