చిన్నదాన్ని పడవ ఎక్కించాలా?

అన్న హన్మకొండలో ఉంటాడు, చెల్లె నర్సంపేటలో. ఆమె కూతురికి ఐదేళ్లు. సంక్రాంతి సెలవుల్లో పాకాల అడవిలో గుడారం వేసి, స్నేహితుడి కనూలో (సన్నటి తెడ్డు పడవ) పాపను తిప్పి, గాలం వేయడం నేర్పాలని అన్న ఆలోచన. చెల్లె ఒప్పుకోలేదు.

అన్న: పాప చేపలను ఫోన్‌లోనే చూస్తోంది. 1213లో, గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల మీ ఇంటికి ఇంత దగ్గర. ఆ నీళ్ల మీద మేనమామతో ఒక పూట తిరిగితే తప్పేంటి?

చెల్లె: పాకాల అభయారణ్యం కదా అన్నా. అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండటానికి, గాలం వేయడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. దాని మొదటి చేపే దొంగచేప కావాలా?

అన్న: సరే, పాకాల వద్దు. మన ఊరి చెరువుకే పోదాం. మత్స్యకారుల సంఘం పెద్దలను అడిగి వస్తాను. చేపపిల్లలు వదిలి పెంచుకునేది వాళ్లే కాబట్టి వాళ్లు సరేనంటేనే గాలం వేద్దాం.

చెల్లె: ఊరి చెరువంటే నాకు ఇంకా టెన్షన్. మనం ఈత నేర్చిన చెరువు కాదది ఇప్పుడు. మట్టి కోసం జేసీబీలతో తవ్విన గుంతలున్నాయి. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. నీళ్లు నిండాక పైకి ఏమీ తెలియదు. సెలవులొస్తే చాలు, ఏదో ఒక ఊళ్లో పిల్లలు మునిగారనే వార్త.

అన్న: ఆ పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా దిగినవాళ్లు. వద్దు వద్దంటూ పెంచితే, పదేళ్లప్పుడు మనకు చెప్పకుండా పోతారు. నా ఎదురుగా నేర్చుకోవడం మేలు కాదా?

చెల్లె: ఎదురుగా ఉన్నా తెలియదన్నా. మునిగే పిల్ల కేక వేయదు, చేయి ఊపదు. నోట్లో నీళ్లు పోతుంటే గొంతు ఎక్కడ లేస్తుంది? నువ్వు గాలం బెండు వైపు చూసినంతసేపు చాలు.

అన్న: అందుకే లైఫ్ జాకెట్ వేస్తాం.

చెల్లె: పోయినేడు ఒకచోట బోటింగ్‌కు పోతే పెద్దవాళ్ల జాకెట్ తొడిగారు. భుజాల దగ్గర పట్టి లేపితే పాప చెవుల దాకా వచ్చింది. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. ఆ రోజు నేను పాపను పడవ దింపించేశాను. అందరూ నన్నే చూశారు.

అన్న: మంచి పని చేశావు. నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు? పిల్లల జాకెట్ మీద ఎన్ని కిలోల వాళ్లకో రాసి ఉంటుంది. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది తెస్తాను. పాప పడవ అడుగున, నడుమ కూర్చోవాలి. కనూలో ఎవరు లేచి నిలబడ్డా ఒరిగిపోతుంది. ఎండ ముదరకముందే, గాలి లేవకముందే ఒడ్డుకు వచ్చేస్తాం.

చెల్లె: పడవలో నువ్వు గాలం పట్టుకుంటే పాపను ఎవరు పట్టుకుంటారు?

అన్న: ... నిజమే. పడవలో గాలం వద్దు. గాలం ఒడ్డునే వేద్దాం. కొక్కెం కొనకుండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కేస్తాను, వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. ఒక్కటి మాత్రం పాపకు చూపించాలి చెల్లె. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి గాలి కోసం పైకి వస్తాయి, కింద తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. ఆ కాపలా చేపను పట్టుకుంటే పిల్లలన్నీ వేరే చేపల పాలవుతాయి. నాన్న నాకు చూపించి, అక్కడ గాలం వేయనివ్వలేదు.

చెల్లె: నాకు చూపించలేదు. ఆడపిల్ల చెరువుకెందుకని ఇంట్లో ఉంచారు. నాకు ఇప్పటికీ ఈత రాదు. పాప పడితే గట్టు మీద నిలబడి చూడటం తప్ప నేనేం చేయగలను?

అన్న: అయితే ముందు నువ్వు నేర్చుకో. హన్మకొండకు రా, పాపను కూడా తీసుకురా. ఇద్దరూ నీళ్ల మీద వెల్లకిలా తేలడం వచ్చాకే పడవ.

చెల్లె: సంక్రాంతికి రాదు కదా.

అన్న: రాకపోతే ఎండాకాలం సెలవులకు చూద్దాం. అప్పటికి చెరువు నీళ్లు తగ్గి గుంతలు కూడా బయటపడతాయి. సంక్రాంతికి గట్టు మీద గాలం ఒక్కటే.

చెల్లె: గట్టు మీద కూడా జాకెట్ ఉండాలి.

అన్న: ఉంటుంది. పాప బరువెంత?

చెల్లె: నిన్న కిరాణా కొట్టు కాంటా మీద నిలబెట్టాను. పదహారు కిలోలు.