ఆరని అవిసె నూనెకు ఒక లేఖ

మహారాజశ్రీ అవిసె నూనె గారికి, గోళ్లలో రంగు ఇంకా వదలని ఒక హనుమకొండవాసి విన్నపం.

తమరు క్షేమమని తెలుసు. మొన్న బావ వాళ్ల గృహప్రవేశానికి తమరిని కలిపిన రంగులతో నేను బొమ్మ వేసి తీసుకెళ్తే, అక్కడ అందరి ముందూ తమరి తడి చెక్కుచెదరకుండా బయటపడింది కదా.

"ఆరు రోజుల్లో ఆరుతుంది" అన్నాడు కొట్టాయన. ఎన్ని ఆరులో చెప్పలేదు. పద్నాలుగో రోజున వేలు పెట్టి చూశాను, అంటలేదు. కానీ నేను తాకింది బొమ్మలోని నేలను. నేలకు వాడింది అంబర్ (umber) అనే మట్టి గోధుమ రంగు, అందులో మాంగనీసు ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. తాకాల్సింది బొమ్మలో ఆడమనిషి నడుమును. టైటానియం వైట్‌లో చెంచాడు తమరిని కలిపి రుద్దింది అక్కడ. (రెండు చుక్కలు చాలన్నారు. మనకు కూరలో నూనె తేలకపోతే తృప్తి ఉండదాయె.)

బొమ్మ ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే 1857లో వేసిన, కోతయ్యాక చేలో రాలిన పరిగె ఏరే ఆడవాళ్లది. అసలుది సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు, 112 వెడల్పు. నేను గళ్లు గీసి అందులో సగానికి దింపాను. ముఖాలు సరిగ్గా కనపడవు కదా, తేలికనుకున్నా. ఆ వంగిన నడుములు నా నడుము విరిచాయి. మధ్యలో ఎర్ర తలగుడ్డావిడ నడుమైతే పదకొండు సార్లు తుడిచి వేశాను.

మూడు రోజులు ఫ్యాన్ కింద పెట్టాను. తమరు నీళ్లలా ఆవిరైపోయే రకం కాదట, గాలిలో ఆక్సిజన్ తాగి నింపాదిగా గట్టిపడతారట. పైగా శ్రావణం ముసురు. టర్పెంటైన్ వాసనకు ఇంట్లో వాళ్లు నాతో మాటలు మానేశారు, అది వేరే లేఖ.

సరే, బొమ్మను పాత పేపర్లో చుట్టి కాజీపేటకు ఆటో ఎక్కాను. అక్కడ విప్పుతుంటే పేపర్ చర్రున చిరిగింది. ఆకాశంలో ముక్కలు. ఎర్ర తలగుడ్డావిడ నడుము మీద తిరగేసిన అక్షరాలు. బావ ఊరుకోకుండా అద్దం తెచ్చి గట్టిగా చదివాడు: "నేటి బంగారం ధర, పది గ్రాములు..."

రాలిన గింజలు ఏరుకునే మనిషి వీపున బంగారం ధర! సిగ్గుందా నీకు? నెల రోజులు నీళ్లు తాగకుండా కూర్చున్నా నీకోసం! ఆరవని ముందే చెప్పి ఉంటే స్టీలు గిన్నెలు కొనిచ్చేవాణ్ణి కదా!

గోకేద్దామని కత్తి తీశాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు నర్సంపేట దిక్కు వరి చేలల్లో పరిగె ఏరిన మనిషి. ఎడమవైపు ఆవిడ ఒక చెయ్యి నడుము మీద వేసుకుని వంగి ఉంటుంది చూశారా, దాన్నే చూస్తోంది.

"గట్లనే బిడ్డా. నొస్తది గదా, చెయ్యి ఆడనే పెట్టుకునేటోళ్లం. గా ఎనుక గుర్రం మీదోడు ఎవడు, దొర మనిషా?"

"అట్లాంటోడే పెద్దమ్మా."

"మంచిగ దూరంగ పెట్టినవ్. ఉండనియ్ దాన్ని."

తమరు తొందరగా ఆరి ఉంటే ఆ నడుములు పదకొండు సార్లు దిద్దే వీలుండేది కాదు. ఒప్పుకుంటున్నా. కానీ బావ దాన్ని హాల్లో కొత్త సోఫాకు సరిగ్గా పైన తగిలించాడు. సోఫా తెల్లది. వచ్చినవాళ్లందరికీ అక్క ఒకటే మాట చెబుతోంది: "తల ఆనించకండి."