మంచు తొక్కనివారికే కోచ్ పదవి

పిల్లలకు తగిన ఉద్యోగం వెతకడంలో చెన్నై తెలుగు కుటుంబాలు ఇప్పటికే అన్ని దారులూ తొక్కి చూశాయి. ఇంజనీరింగ్ అయింది, మెడిసిన్ అయింది, ఆడిటర్ల తరం ఒకటి వచ్చి వెళ్లింది, సినిమావాళ్లు ఏనాడో మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ చేరారు. ఒక్క దారి మాత్రం ఎవరి కంటా పడలేదు. అది ఐస్ హాకీ కోచ్ పదవి. ఆటగాడు కాదు, కోచ్. ఈ తేడాను పాఠకులు గట్టిగా పట్టుకోవాలని మనవి.

ఆటగాడి బతుకు చూసి ఎవరూ అసూయ పడనక్కరలేదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, సుమారు 170 గ్రాముల బరువు ఉండే ఒక రబ్బరు బిళ్ల కోసం వాళ్లు పళ్లు రాలగొట్టుకుంటారు. దాన్ని పక్ అంటారు. రబ్బరు కదా, మెత్తగా తగులుతుందిలే అనుకునేరు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు ఫ్రీజర్‌లో పెట్టి బిగుసుకుపోయేలా చేస్తారు. మంచు మీదికి దిగినవాడు ముప్పావు నిమిషం ప్రాణాలు ఉగ్గబట్టి పరుగు తీసి, వగర్చుకుంటూ వచ్చి బెంచీ మీద కూలబడతాడు. వెంటనే ఇంకొకడు దిగుతాడు. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలు ఇదే తంతు. చేయి చేసుకుంటే అయిదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతారు. మన బడిలో గోడకుర్చీ వేయించినట్లే, కాకపోతే వాళ్లకు కుర్చీ నిజంగానే ఉంటుంది.

ఈ సమయమంతా కోచ్ ఏం చేస్తుంటాడు? కోటు, టై వేసుకుని, చేతులు కట్టుకుని బెంచీ వెనక నిలబడి ఉంటాడు. చూయింగ్ గమ్ నములుతుంటాడు. రిఫరీ ఏ నిర్ణయం ఇచ్చినా తల అడ్డంగా ఊపుతాడు. నలభై దాటిన తెలుగు మగవాడికి ఇందులో ఏ ఒక్కటీ కొత్తగా నేర్పనక్కరలేదు.

బాగా ఆడినవాడే బాగా నేర్పగలడని కొందరు వాదిస్తారు. ఈ మూఢనమ్మకమే మనవారిని ఇంతకాలం వెనక్కి లాగింది. ఆధారాలు చూద్దాం. వేన్ గ్రెట్జ్‌కీని మించిన ఆటగాడు లేడని లోకం అంటుంది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 894 గోల్స్ కొట్టి 1999లో రిటైరయ్యాడు. ఆయన వేసుకున్న 99 నంబరు చొక్కా లీగ్ మొత్తంలో మరెవరూ వేసుకోకూడదన్నారు. అంతటివాడు 2005లో ఫీనిక్స్ జట్టుకు కోచ్ అయ్యాడు. నాలుగు సీజన్లు గడిచాయి. ఒక్కసారి కూడా ఆ జట్టు ప్లేఆఫ్స్, అంటే కప్పు తేల్చే చివరి విడత పోటీల, గడప తొక్కలేదు.

ఇప్పుడు స్కాటీ బౌమన్‌ను చూడండి. కుర్రవాడిగా జూనియర్ జట్టులో ఆడుతుండగా ప్రత్యర్థి కర్ర తలకు తగిలి పుర్రె చిట్లింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్‌గా మాత్రం ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పులు తొమ్మిది గెలిచాడు. అన్ని ఇంకెవరికీ లేవు. ఆ కర్ర పట్టుకున్న జాన్ గీ టాల్బో కొన్నేళ్లకు సెయింట్ లూయిస్‌లో ఆయన చేతి కిందికే ఆటగాడిగా వచ్చాడు. బౌమన్ ఏ కక్షా పెట్టుకోకుండా అతన్ని మంచు మీదికి పంపి, తాను వెచ్చగా వెనక నిలబడ్డాడు. కక్ష తీర్చుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తెలియదు. మూడోవాడు జాన్ కూపర్, ప్లీడరు. కోర్టు వదిలి బెంచీ వెనక్కి వచ్చి 2020లోనూ 2021లోనూ అమెరికాలోని టాంపా జట్టుకు వరసగా కప్పు తెచ్చిపెట్టాడు.

అంటే 894 గోల్స్ కొట్టినవాడికి సున్నా, అసలు దిగనివాడికి తొమ్మిది. మరి మంచు అనేదాన్ని చెరుకురసం బండి మీద తప్ప ఎక్కడా చూడని మనిషికి ఎన్ని కప్పులు రావాలి? త్రైరాశికం వచ్చినవారు లెక్క వేసుకోవచ్చు. నాకు పద్దెనిమిది వచ్చింది.

టో బ్లేక్ సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆయన మాంట్రియల్ జట్టుకు ఆటగాడిగానూ కప్పు గెలిచాడు, కోచ్‌గా మరో ఎనిమిది గెలిచాడు. ప్రతి సిద్ధాంతానికీ ఇలాంటివారు ఒకరు దాపురిస్తారు. ఆయనను పక్కన పెడదాం.

క్రెయిగ్ బరూబే మాత్రం మన సిద్ధాంతానికి ఉపకారి. ఆయన ఆటగాడిగా కొట్టింది 61 గోల్స్, పెనాల్టీల కింద మూటగట్టుకుంది 3,149 నిమిషాలు. గంటల్లో చెప్పాలంటే యాభై రెండు పైచిలుకు. అంతసేపు పక్కన ఉండి తోటివారి తప్పులు గమనించినవాడు ఊరికే పోతాడా? 2018 నవంబరులో సెయింట్ లూయిస్ జట్టు పాత కోచ్‌ను సాగనంపి, ఈయనను తాత్కాలికంగా నిలబెట్టింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఆ జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. జూన్‌లో తన చరిత్రలోనే మొదటి స్టాన్లీ కప్పు ఎత్తింది.

ఇలాంటి ప్రతిభ మన టి.నగర్‌లో ఎంత వృథాగా పడి ఉందో తెలియాలంటే పొద్దున్నే పానగల్ పార్కుకు వెళ్లాలి. మొన్న మార్గశిర మాసపు చలికి, అంటే ఫ్యాను వేయాలా వద్దా అని ఆలోచించే చలికి, మంకీ క్యాప్ పెట్టుకుని ఒక పెద్దాయన సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఇద్దరు పిల్లలు నెట్ లేకుండా షటిల్ ఆడుతున్నారు. ఫ్లాస్కు మూతలో కాఫీ వంచుకుంటూనే ఆయన అదిలించారు: “భుజంతో కాదు బాబూ, మణికట్టు! మణికట్టు తిప్పు!” పిల్లవాడు “సరే తాతగారూ” అని మళ్లీ భుజంతోనే కొట్టాడు. ఆయన నా వైపు తిరిగి, “వినరండీ. నేను చెప్పినట్లు ఆడితే ఈపాటికి ఎక్కడో ఉండేవాడు” అన్నారు. “మీరు ఆడేవారా అండీ?” అని అడిగాను. “నేనా? నాకెక్కడ తీరిక?” అన్నారు, కొంచెం నొచ్చుకుని.

బౌమన్ అర్హతలన్నీ ఈయనకు ఉన్నాయి. పైగా పుర్రె చెక్కుచెదరలేదు.

చెన్నై ఎండలో మంచు ఆట ఏమిటని నవ్వేవారు భూగోళం చదవలేదు. టాంపా మన మెరీనా లాగే ఉక్కపోసే సముద్రతీరం. ఫీనిక్స్ ఉన్నది ఎడారిలో. రింక్, అంటే ఆట జరిగే మంచు మైదానం, నేల కింద గొట్టాలు పరిచి, వాటిలో చల్లబరిచిన ఉప్పునీరో మరో ద్రవమో తిప్పితే పైన పోసిన నీరు గడ్డకడుతుంది; బయట ఏ ఋతువన్నది దానికి పట్టదు. అంతెందుకు, 1842 నాటికే మన సముద్రం ఒడ్డున మంచుకు ఐస్‌హౌస్ అని ఒక మేడ కట్టారు. అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మంచును కోయించి, రంపపు పొట్టులో పొదిగి, బోస్టన్ నుంచి ఓడలకెత్తి మద్రాసులో దింపేవాడు. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. అదే బోస్టన్ 1924లో ఎన్‌హెచ్‌ఎల్‌లోకి జట్టును దింపింది, అమెరికా నగరాల్లో అందరికంటే ముందు. ఒకే సరుకు రెండు ఊళ్లకూ అందింది. వాళ్లు దాని మీద నిలబడ్డారు, మన ఊళ్లో దొరలు గ్లాసుల్లో వేసుకున్నారు. మనకు మిగిలింది ఐస్‌హౌస్ పోలీస్ స్టేషన్.

ఆటగాళ్లను ఎక్కడి నుంచి తెస్తారన్నది చిన్న విషయం. లద్దాఖ్‌లో ఉన్నారు. చలికాలంలో లేహ్ చెరువులు గడ్డకట్టిన రెండు నెలలే చాలాకాలం వారికి దక్కిన సాధన. భారత్ 1989 నుంచి అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యదేశం. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన రింక్ ఆ తర్వాత ఏళ్ల తరబడి తాళం వేసుకుని విశ్రాంతి తీసుకుంది. అయినా 2025 ఆసియా కప్‌లో మన ఆడపిల్లలు కాంస్యం పట్టుకొచ్చారు. సలహాలు ఇచ్చేవారు దగ్గర లేకపోవడం వల్లే ఇది జరిగిందని గిట్టనివారు అంటారు. 2018లో కెనడా నుంచి, నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ లద్దాఖ్ వచ్చారు. వచ్చినావిడ కుర్చీ వేయించుకుని నాలుగు మాటలు చెప్పి వెళ్లక, స్కేట్లు కట్టుకుని పిల్లలతో పాటు మంచు మీదికి దిగారు. కోచ్ హోదాకు ఇంతకు మించిన తలవంపు ఉంటుందా?

ఈ పదవిలో ప్రమాదం ఒక్కటే ఉంది, అది దాచను. 1928 స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో న్యూయార్క్ రేంజర్స్ గోల్‌కీపర్‌కు పక్ కంటికి తగిలింది. అదనపు గోల్‌కీపర్‌ను ఉంచుకునే అలవాటు అప్పట్లో లేదు. కోచ్ లెస్టర్ పాట్రిక్ వయసు నలభై నాలుగు. అందరూ ఆయన ముఖంలోకి చూశారు. పాపం కోటు విప్పి, కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. ఒక్క గోల్ మాత్రమే ఇచ్చాడు. జట్టు అదనపు సమయంలో 2-1తో గెలిచింది. కోచ్ కులానికి ఆనాడు జరిగిన అప్రతిష్ఠ ఇంతా అంతా కాదు.

అందుచేత చెన్నై నుంచి వెళ్లే తెలుగు కోచ్‌లు సంతకం పెట్టే ముందు ఒప్పందం చివరి పేజీ దాకా చదవాలి. కోటు కొలతలు అడిగితే నిస్సంకోచంగా ఇవ్వండి. కాలి కొలత అడిగితే మాత్రం, అది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెబుతామనండి.